టింబరు హనుమప్ప కిటికీలు

“ఇల్లు కట్టేది ఏమంత గొప్ప కాదప్పా. రాయి మీద రాయి పెడితే గోడ. గోడ మీద బండ పరిస్తే మిద్దె. గూడు కట్టేది గువ్వకు గూడా తెలుసు. కట్టిన ఇంట్లోకి పోతానే మనిషికి నడుం వాల్చాలనిపించాల, అదీ పనంటే. ఆ పని తెలిసినోడు ఈ జిల్లాకంతా ఒక్కడే ఉండాడు. వాడిప్పుడు నరసమ్మ అంగట్లో బెంచీ మీద కూసోని రెండో టీ తాగతా ఉండాడు.”

“మూడోది,” అని నరసమ్మ పొయ్యి కాడి నుంచి సరిదిద్దింది.

హనుమప్ప అట్లా మొదలుపెట్టేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. కామసముద్రం టేసను ముందర నరసమ్మ టీ అంగడి. కోలారు బంగారు గనులు గవర్నమెంటు చేతికి వచ్చిన తర్వాత పనిలో చేరి, ముప్పై ఏండ్లు భూమి లోపల కొయ్యలు నిలబెట్టి, పైరాయి కూలకుండా కాపాడినాడు గనక ఆయన్ను టింబరు హనుమప్ప అంటారు. పోయిన ఏడాదే పని మానుకున్నాడు. సెలవు రోజుల్లో పల్లెల్లో తిరిగి పాత ఇండ్లను అందంగా, సుఖంగా చేసిపెట్టే పని మాత్రం ఎప్పటినుంచో ఉంది. పనిమంతుడే. నోరు మాత్రం పని కంటే రెండు ఆమడలు ముందు పోతుంది.

నేను ఆయన కథ వినడానికి పోలేదు, పిలుచుకుని పోవడానికి పోయినాను. నా పేరు గోపాలప్ప. ఆయన అక్క మునిలక్ష్మమ్మది మా పక్కిల్లు. ఆ పొద్దు తెల్లారి ఆమె కూతురు పెద్దమనిషైంది. మా పక్క ఆచారం ప్రకారం మేనమామ వచ్చి పచ్చి కొబ్బరిమట్టలు కొట్టి, కానుగ కొమ్మలు కప్పి, వాకిట్లో గుడిసె కట్టాలి. దీపాలు పెట్టేలోగా పాప అందులోకి పోవాలి. అంతవరకూ ఇంట్లోకి రాకూడదు, పంచలో గోనెపట్ట మీద కూర్చోవలసిందే. పొద్దున మొదటి బస్సుకే కే.జి.ఎఫ్.కు మనిషి పోయి చెప్పి వచ్చినాడు. హనుమప్ప పన్నెండు గంటల బస్సుకు దిగినాడు. సంచిలో కొడవలి కూడా ఉంది. దిగినవాడు దిగినట్టే నరసమ్మ అంగట్లో కూలబడినాడు. అక్క ఇల్లు అక్కడికి నాలుగు కేకల దూరం.

ఐదేండ్లుగా ఆయన వరస ఇదే. గౌరిపండక్కి అక్కకు చీర తెస్తాడు, నరసమ్మ చేతికిచ్చి పంపుతాడు, నాలుగు కోతలు కోస్తాడు, వచ్చిన బస్సుకే వెనక్కి పోతాడు. గడప మాత్రం తొక్కడు. చీర అయితే ఎవరి చేతనైనా పంపవచ్చు, గుడిసె పంపలేడు కదా.

మునిలక్ష్మమ్మ నాకు చెప్పి పంపింది. “నరసమ్మ అంగట్లో ఉంటాడు. నలుగుర్లో వాణ్ణి చిన్నబుచ్చద్దు గోపాలప్పా. కథ చెప్తా ఉంటే చెప్పనీ. అయిపోయినాక పిలుచుకోని రా.”

కథ అయిపోతే కదా.

“మొట్టమొదట నేను చేసింది మా అక్కింట్లో ఒక కిటికీ,” అన్నాడు హనుమప్ప. “పెద్దది గూడా కాదు. రెండు మూరలు ఇట్ల, రెండు మూరలు అట్ల. ఆ ఇంట్లో పట్టపగలు దీపం పెట్టుకుంటే గానీ ముద్ద యాడుండాదో నోరు యాడుండాదో తెలిసేది గాదు. మైన్లో పాత టింబరు వేలం వేస్తే కొనుక్కోనొచ్చినా. అది ఎట్లాంటి కొయ్యో తెలుసునా? భూమి బరువు మోసి మోసి ఉక్కైపోయిన కొయ్య. గోడకు బొక్క కొట్టి చట్రం బిగించినా. కిటికీ కింద కూసునేదానికి బల్ల. బల్ల మీద మా అమ్మ కుట్టిన బొంత మడత పెట్టినా. అంతే. మా అక్క చేతులు తుడుచుకోని వచ్చి ఆ బల్ల మీద కూసున్నాది…”

“కూసోని ఏమన్నాది?” అడిగింది నరసమ్మ.

“అనేదేముంది? ఆ యమ్మకు మాటలే రాలే. అది పక్కన పెట్టు. ఆ కిటికీ సుద్ది పాకతా పాకతా శ్రీనివాసపురం దాకా పోయినాది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

పక్క బెంచీ మీద ముసలి ఓబలప్ప ఉన్నాడు. పొద్దుపోక రోజూ అక్కడే కూర్చుంటాడు. “తెలీదప్పా, చెప్పు,” అని కాళ్ళు పైకి పెట్టుకున్నాడు.

“శ్రీనివాసపురంలో నంజుండప్ప అని, నూరెకరాల మామిడితోట. తోట నడిమద్యలో తాతలకాలం ఇల్లు. రాతి కూసాలు, మట్టిగోడలు, తాటిదూలాలు. ‘హనుమప్పా, ఇదంతా పెరికేసి ఆర్‌సీసీ వేసేస్తామా?’ అన్నాడు. నేను చెంపలేసుకున్నా. ‘అప్పా, కూసాల మీద చెయ్యెయ్యద్దు. పల్లె పల్లెగానే ఉండనీ, సుఖం మాత్రం బంగళాది తెచ్చిపెడతా’ అన్నా. ఈ మాట నాకెవురు నేర్పించినారనుకుంటారు? ఎవురూ లేదు. పెద్ద ఆఫీసర్ల బంగళాల్లో తలుపులు సరిచేసేదానికి నన్నే పిలుస్తా ఉండ్రి. తెల్లదొరలు పోయినారు గానీ వాళ్ళ కుర్చీలు పోలేదు కదా. అట్లాంటి ఈజీ చైర్లో, ఎవురూ లేనప్పుడు ఒకసారి కూసున్నా. కూసోని అనుకున్నా, ఈ సుఖం మా అక్కకు ఏంటికి లేదు అని.”

ఆ చివరి మాట అబద్ధం కాదని నాకు తెలుసు. ఆయన గొంతు కూడా అక్కడ కొంచెం తగ్గింది. వెంటనే సర్దుకున్నాడు.

“సున్నంలో బెల్లమూ కరక్కాయ నీళ్ళూ కలిపి గోడలకు పూయించినా. నేలకు రెడ్ ఆక్సైడు. అద్దమెందుకు, నేల చూసుకోని తల దువ్వుకోవచ్చు. విరిగిపోయిన తిరగలి మీద పలక పెట్టి టీపాయి చేసినా. అవ్వకాలం లాంతర్లో కరెంటు బల్బు పెట్టినా. తాటిదూలానికి ఫ్యాను. వంటింట్లో కట్టెల పొయ్యి కట్టెల పొయ్యే, కానీ పొగ మాత్రం గొట్టం దోవ పట్టాల. పడమటి గోడకు కిటికీ పెట్టి, దాని కింద బల్ల. ఇంగ చూడప్పా, మండీ సావుకారు తోట బేరానికి వచ్చినాడు. బల్ల మీద కూసున్నాడు. గాలి వచ్చినాది. నిద్రపోయినాడు. ఆయప్పను లేపేదానికి గుమాస్తా వచ్చినాడు, వాడూ పడుకున్నాడు. గుమాస్తాను వెతుక్కుంటా డ్రైవరు, డ్రైవర్ని వెతుక్కుంటా క్లీనరు. ఒకని మీద ఒకడు! బయట లారీలు చింతామణి దాకా వరస. లారీల్లో ఉండే బేనీషా కాయలు మాగి, కుళ్ళి, టెంకలు మొలిచి, ఆ సావుకారు కండ్లు తెరిచేసరికి లారీలన్నీ తోటలైపోయినాయి. ఇప్పటికీ ఆ రోడ్డులో రెండు లారీలకు ఏటేటా పూత పూస్తాది.”

“ఆ లారీలకు తాలూకాఫీసులో పట్టా గూడా ఇచ్చినారా?” అన్నాడు ఓబలప్ప.

“నవ్వద్దు ఓబలప్పా. పోయి చూసి రా. పెద్ద లారీకి రసం ఎక్కువ.”

అందరం నవ్వినాం. నేనూ నవ్వినాను. నవ్వుతూనే టేసను గోడ నీడ వైపు చూసినాను. అది రోడ్డు దాకా వచ్చింది. పంచలో ఆ పిల్ల గోనెపట్ట మీద మోకాళ్ళు కట్టుకుని కూర్చున్నది గుర్తుకొచ్చి నవ్వు ఆగిపోయింది. “పోదామా హనుమప్పా?” అన్నాను మెల్లిగా.

“ఉండు గోపాలప్పా, టీ చల్లారలేదు,” అన్నాడు. గ్లాసు ఎప్పుడో ఖాళీ అయింది.

“మీ అక్క ఆ లారీల కథ విని ఏమన్నాది?” నరసమ్మ మళ్ళీ అడిగింది. ఆమెకు ఒక ప్రశ్న దొరికితే వదలదు.

“ఆ యమ్మకు లారీలతో ఏం పనమ్మా? కురుడుమలెది విను. వినాయకుని గుడికి పోయే దోవలో ఒక ఇల్లు. ఇంట్లో ముసలామె, అక్కయమ్మ అని, ఎనభై ఏండ్లు. చలి ఎముకలు కొరుకుతా ఉండాది అన్నాది. నేను బంగళాల్లో చూసినా కదా, గోడలోనే చలిమంట పొయ్యి ఉంటాది. అదే మట్టితో చేసినా. ఇటుక కనపడకుండా ఎర్రమన్ను పూసి, పైన తెల్లసున్నంతో ముగ్గులు, పక్కన కట్టెలు పేర్చుకునేదానికి గూడు, ముందర నులకమంచం, మంచం మీద ఉన్నికంబళి. మొదటి దినం నాలుగు కట్టెలు ముట్టించినా. పక్కన చింతచెట్టుకు చెమట పట్టినాది.”

“చెట్టుకా?”

“ఆకాకుకూ! తుడిచి తుడిచి నా తుండుగుడ్డ చినిగిపోయినాది. ఆ ఏడాది ఆ వీధిలోకి పుష్యమాసం రాలేదప్పా, పక్కవీధి నుంచి అట్లే పోయినాది. గొర్రెలు ఉక్కకు తాళలేక ఉన్ని అవే పీకేసుకున్నాయి. గుడికొచ్చే జనం ఆ ఇంటి అందం చూసి ఇదే గుడి అనుకోని మూడు సుట్లు తిరిగి టెంకాయ కొట్టి పోతా ఉండ్రి. అక్కయమ్మ ఏడాది పొడుగునా టెంకాయ కొనలేదు. మా అక్కా బావా గూడా ఆ పొద్దు కురుడుమలెకే…”

అక్కడ ఆగిపోయినాడు. చేతిలో ఖాళీ గ్లాసును అటూ ఇటూ తిప్పినాడు.

“ఏ పొద్దు?” అన్నది నరసమ్మ.

“ఏ పొద్దూ లేదు.”

ఓబలప్ప ఊరుకోలేదు. ఆయనలో కల్మషం లేదు, నోరు ఆగదు, అంతే. “అది గాదప్పా హనుమప్పా. ఎవురెవురికో గాలి తెచ్చినావు, ఎండ తెచ్చినావు. సొంత అక్కకు ఒక్క కిటికీతో సరిపెట్టేసినావా?”

హనుమప్ప ముఖం చూడాలి అప్పుడు. పాపం, కొట్టినట్టు అయిపోయింది. కానీ నలుగురు చూస్తున్నారు. కోతలరాయుడికి వెనక్కి తగ్గే దారి లేదు, పైకి ఎక్కడమొక్కటే దారి.

“ఒక్క కిటికీనా? అక్కింటి సంగతి చెప్తే మీరు నమ్మరని ఇన్నాళ్ళూ చెప్పలే. ఐదేండ్ల కిందట మాట. అక్కా బావా పాపను పిలుచుకోని కురుడుమలెకు మొక్కు తీర్చేదానికి పోయినారు. ఆ రోజు పోయి మరుసటి దినం రావాల. ఇంటినిండా పట్టుపురుగులు. నాలుగో జ్వరం లేచిన పురుగులు. నా చేతికి అప్పజెప్పి పోయినారు.”

పట్టుపురుగు పొర విడిచే ముందు ఆకు మాని కదలకుండా పడుకుంటుంది. దాన్ని మేము జ్వరం అంటాం. నాలుగో జ్వరం లేచినాక వారం రోజులు ఆబగా తిని, చంద్రిక అనే వెదురు తడిక మీద వేస్తే గూడు కడుతుంది. రైతుకు ఆ వారమే ప్రాణం. మా ఇండ్లలో మనుషులూ పురుగులూ ఒకే కప్పు కింద ఉంటారు. ఆ వారం మేము ఊదొత్తి వెలిగించం, తిరగమాత కూడా వేయం. వాసన అంటే పురుగుకు అంత భయం.

“అక్క నాకు మూడు మాటలు చెప్పినాది,” అంటున్నాడు హనుమప్ప. “బీడీ తాగద్దు. బయటోళ్ళను రానియ్యద్దు. పూటపూటా ఆకెయ్యి. మూడూ చేసినా. దేవుని ఆన, ఒక్క బీడీ తాగలే. అక్క వచ్చేలోగా ఇల్లు బంగళా చేసి చూపించాలని ఉన్నింది నాకు. ముందే తెచ్చిపెట్టుకున్న సామాను గోనెసంచిలో దాచి ఉన్నింది. గోడలకంతా పచ్చరంగు పూసినా. మల్బరీ ఆకు ఎట్లుంటాదో అట్లాంటి పచ్చ. మామూలు సున్నపు రంగు గాదు, బంగళాలకు పూసే ఆయిలు పెయింటు. బల్లకూ చట్రానికీ వార్నీషు. దూలాలకు గూడా వార్నీషు. బయటోళ్ళు రాకుండా తలుపూ కిటికీ గట్టిగా మూసేసినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

నాకు తెలుసు. నేను తల దించుకున్నాను.

“పురుగులు తల ఎత్తి గోడను చూసినాయి. పచ్చగా ఉండాది. తోటలోకి వచ్చేసినాం అనుకున్నాయి! తట్టలు దిగి, వరసగా, స్కూలు పిల్లకాయల మాదిరి గోడ ఎక్కినాయి. చంద్రికలు ఏంటికి, వెదురు ఏంటికి, గోడ మీదనే గూళ్ళు మొదలుపెట్టినాయి. ఒక్కో గూడు గుమ్మడికాయంత. ఎనిమిది దినాల పని ఒక్క పూటలో! వాటి సద్దుకు పక్కింట్లో గోపాలప్పకు నిద్ర పట్టలేదు, అడగండి. ఏమప్పా?”

నేను టేసను గోడ వైపు తిరిగినాను.

“ఒక గూటికి కొన దొరికితే పట్టుకోని లాగినా. లాగతా లాగతా ఇదో ఈ టేసను దాకా వచ్చేసినా, దారం అయిపోలే. మద్రాసు మెయిలు నిలబడి ఉన్నింది, వెనక డబ్బాకు ముడేసినా. బండి పోయినాది. కాట్పాడి దాటినాది, అరక్కోణం దాటినాది, దారం సాగతా ఉండాది. మద్రాసులో బండి నిలబెడితే నిలబడలే, దారం జారి సముద్రంలోకి పోతా ఉండాదంట! టేసను మాస్టరు తంతి కొట్టినాడు, ‘హనుమప్పా, గూడు వదిలెయ్యప్పా, ఓడలు చిక్కుకుంటా ఉండాయి’ అని. ఇంట్లో చూస్తే నేల మీద పట్టు, అటక మీద పట్టు, పొయ్యి గట్టు మీద పట్టు. మా అక్క వచ్చి గడప కాడ నిలబడినాది. ఇంగ ఆ యమ్మ కాలు మన్ను మీద పెట్టే పని లేదు. పట్టు మీదనే నడిచి పోవాల, పట్టు మీదనే పడుకోవాల. ముప్పై ఏండ్లు ఆకు మోసి, పేడ ఎత్తి, ఎండలో… మా అక్కను రాణిని చేసి కూసోబెట్టినానప్పా నేను!”

ఆయన కండ్లు తడిగా ఉన్నాయి. ఓబలప్ప కూడా ఈసారి నవ్వలేదు.

“మీ అక్క చూసి ఏమన్నాది?” అన్నది నరసమ్మ.

హనుమప్ప ఖాళీ గ్లాసు ముందుకు తోసినాడు. “ఇంగో టీ పెట్టమ్మా,” అన్నాడు.

గోడ నీడ అంగడి లోపలికి వచ్చేసింది. మేకలు ఇండ్లకు తిరిగి వస్తున్నాయి. నాకు కోపం వచ్చిందో, జాలి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. మునిలక్ష్మమ్మ చెప్పిన మాట దాటినాను.

“హనుమప్పా, ఆ ఏడు ఆ ఇంట్లో ఒక్క గూడు గూడా కట్టలేదు. తట్టలు దిబ్బకు మోసింది నేనూ మీ బావ రామకృష్ణప్పా. వాళ్ళు వచ్చేలోగానే నువ్వు బస్సెక్కి పోయింటివి. మీ అక్క ఏమన్నాదో నీకెట్ల తెలుస్తాది? నువ్వు ఉంటే కదా.”

పొయ్యి మీద పాలు పొంగుతున్నా నరసమ్మ చూసుకోలేదు.

హనుమప్ప నా వైపు తిరిగినాడు. “ఊరికంతా తెలుసు కదా? నా పెయింటుతోనే చచ్చినాయని అక్క అందరికీ చెప్పినాది కదా?”

“పెయింటేందప్పా?” అన్నది నరసమ్మ. “వాళ్ళ పురుగులకు పాలరోగం కదా వచ్చింది? మునిలక్ష్మక్క అట్లే చెప్పినాదే.”

“పట్టుపురుగుల ఆఫీసు నుంచి వచ్చినాయప్పకు గూడా పాలరోగం అనే రాయించినారే,” అన్నాడు ఓబలప్ప.

ఇంక దాచేదేముంది? ఆ ఇంట్లోకి అడుగు పెడుతూనే నా ముక్కుకు వార్నీషు వాసన కొట్టింది. మునిలక్ష్మమ్మ తట్టల మధ్య కూర్చుని ఉంది. “గోపాలప్పా, ఎవురడిగినా పాలరోగం అని చెప్పు. నాకు సుఖంగా ఉండాలని చేసినాడు వాడు” అని నా చేత ఒట్టు వేయించుకుంది. మా రెండిండ్లు దాటి ఆ మాట పోలేదు. ఐదేండ్లు నిలబెట్టుకున్న ఒట్టును అంగట్లో నలుగురి ముందర వదిలేసినాను. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గే. ఆ మాటలన్నీ ఆయనకు చెప్పేసినాను.

హనుమప్ప గ్లాసు కింద పెట్టినాడు. ఈసారి గొంతులో కోత లేదు.

“బీడీ వద్దన్నాది గానీ పెయింటు వద్దన్లేదు కదా అనుకున్నా. అంత తెలివి నాది. పొద్దున లేసి ఆకు వేస్తే ఒక్కటీ తల ఎత్తలేదు గోపాలప్పా. చేత్తో కదిలించి చూసినా. ఒక్కొక్క తట్టా కదిలించి చూసినా. ముప్పై ఏండ్లు మనుషుల మీద రాయి పడకుండా చూసినోణ్ణి, అక్క నెత్తిన నేనే వేసేసినా. వేసి పారిపోయినా. ఆ యమ్మ నాలుగు తిట్లు తిట్టింటే వచ్చి కాళ్ళ మీద పడేవాణ్ణి. ఒక్క మాట అనలే. నేను చీర పంపిస్తే కట్టుకున్నాదంట. ఇంగ యా మొహం పెట్టుకోని పోయేది?”

“మొహం సంగతి నాకు తెల్దు. పాప తెల్లారినప్పట్నుంచి గోనెపట్ట మీద కూసోని ఉండాది,” అన్నాను. “తమ్ముని వరసైనోడు ఇంగొకడు ఊర్లోనే ఉండాడు, వాని చేత కట్టించేస్తామని మీ బావ అన్నాడు. అక్క ఒప్పుకోలే. ‘నా తమ్ముడు బతికే ఉండాడు’ అన్నాది. శ్రీనివాసపురంలో కట్టినావు, కురుడుమలెలో కట్టినావు. నాలుగు మట్టలు నిలబెట్టేదానికి నీకు చేత కాదా?”

ఆయన సంచి దగ్గరికి లాక్కుని కొడవలి తడిమి చూసుకున్నాడు. తర్వాత నన్ను అడిగినాడు, “ఇంట్లో ఇప్పుడు పురుగులుండాయా?”

“ఉండాయి. మొన్ననే నాలుగో జ్వరం లేచినాయి.”

జేబులోంచి బీడీకట్ట, అగ్గిపెట్టె తీసి ఓబలప్ప చేతిలో పెట్టినాడు. అంగడి పక్క తొట్టి కాడికి పోయి, పొయ్యి బూడిదతో చేతులు మోచేతుల దాకా రుద్ది కడుక్కున్నాడు. వాసన చూసుకున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. మూడోసారి కూడా కడుక్కుని, చేతులు నా ముక్కు ముందర పెట్టి, “చూడప్పా, ఏమన్నా ఉండాదా?” అన్నాడు.

“ఏమీ లేదు. రా,” అన్నాను.

ఇల్లు కనపడగానే ఆయన అడుగు తగ్గింది. మునిలక్ష్మమ్మ వాకిట్లోనే ఉంది. తమ్ముణ్ణి ఎగాదిగా చూసి, “కొడవలి తెచ్చినావా?” అని మాత్రం అడిగింది. ఆయన తలూపినాడు. రామకృష్ణప్ప కొబ్బరిచెట్టు చూపించినాడు.

పని మొదలైనాక ఆ చేతులకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మైన్లో నిలబెట్టినట్టే నాలుగు కొయ్యలు నిలబెట్టి, అడ్డకొయ్యలు కట్టి, ఊపి చూసి, మట్టలు అల్లి, కానుగ కొమ్మలు కప్పినాడు. పంచలో పాప గోనెపట్ట మీది నుంచి మెడ చాచి చూస్తోంది. దీపాల వేళకు ఇంకా కొంచెం పొద్దుండగానే గుడిసె నిలబడింది. ఆయన పక్కకు జరిగి చేతులు కట్టుకుని నిలబడినాడు. ఎవరి ముఖమూ చూడలేదు.

మునిలక్ష్మమ్మ గుడిసె చుట్టూ ఒకసారి తిరిగింది. వంగి లోపల చూసింది. “కిటికీ యాదిరా?” అన్నది.

“గుడిసెకు కిటికీ పెట్టరు కదక్కా.”

“పాప తొమ్మిది దినాలు లోపలుండాల. గాలాడద్దా? అది నువ్వు పెట్టిన కిటికీ కాడ, ఆ బల్ల మీద తప్ప ఇంగ యాడా కూసోదు. చదివేది ఆడనే, తినేది ఆడనే. ఐదేండ్లు అంతా ఊరికే పోగొడితివి గదరా హనుమా. వచ్చి చూసింటే తెలిసేది గదా.”

ఆయన మట్టల మీదే కూలబడి పెద్దగా ఏడ్చినాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఓదార్చలేదు. “పొద్దు గూకతా ఉండాది. లే,” అన్నది. ఆయన లేచి, కొడవలితో ఆకుగోడకు నలుచదరంగా కోసి, చుట్టూ వెదురుబద్ద కట్టినాడు. రెండు మూరలు ఇట్ల, రెండు మూరలు అట్ల. పాప గుడిసెలోకి పోతూనే అందులోంచి బయటికి చూసింది.

మరుసటి రోజు నేను అంగడికి పోతే నరసమ్మ టీ కూడా పోయకుండా అడిగింది. “మునిలక్ష్మక్క చూసి ఏమన్నాదప్పా?”

జరిగింది జరిగినట్టు చెప్పినాను. ఒక్క మాట ఎక్కువ చేర్చలేదు.

ఓబలప్ప హనుమప్ప బీడీల్లోంచి ఒకటి ముట్టించి నా వైపు అనుమానంగా చూసినాడు. “లారీకి పూత పూసినాదంటే నమ్మినా గోపాలప్పా. చెట్టుకు చెమట పట్టినాదంటే నమ్మినా. పచ్చాకు గుడిసెకు కిటికీ అంటావే, ఇది మాత్రం నేను నమ్మను.”